కొత్త ఇళ్లు కడుతూనే ఉన్నా సామాన్యులకు అందే ఇల్లు ఎందుకు దొరకదు?

కొత్తగా కడుతున్న ఇళ్లలో ఎక్కువ భాగం తక్కువ ఆదాయం గలవారి స్తోమతకు మించిన ధరలో ఉండడం వల్లనే, చుట్టూ నిర్మాణాలు సాగుతున్నా వారికి ఇల్లు దొరకదు. ఉద్యోగాలున్న చోట స్థలం పరిమితం, దాని మీద ఎన్ని అంతస్తులు వేయవచ్చో నిబంధనలు నిర్ణయిస్తాయి. స్థలం ఖరీదు, అనుమతుల రుసుములు, అప్పు మీద వడ్డీ ఇల్లు సాదాసీదాగా కట్టినా పెద్దగా తగ్గవు కాబట్టి, నిర్మాణదారులు ఎక్కువ లాభం మిగిలే ఖరీదైన ఇళ్ల వైపే మొగ్గుతారు.

కుటుంబ ఆదాయంలో 30 శాతానికి మించని ఖర్చుతో దొరికే ఇంటినే అందుబాటులో ఉన్నట్టు చాలా చోట్ల లెక్కిస్తారు. ఆదాయం 100 అనుకుంటే, అద్దెకే 45 పోయిన కుటుంబం తిండి, మందులు, బడి ఫీజులు, ప్రయాణం అన్నీ మిగిలిన 55లోనే సర్దుకోవాలి. అద్దె తగ్గుతుందని ఊరి చివరకు మారితే, మిగిలిన సొమ్ములో కొంత రోజూ రాకపోకలకే ఖర్చవుతుంది.

ఖాళీ ఇళ్లు ఉన్నాయి కాబట్టి కొరతే లేదనుకోవడం పొరపాటు. వాటిలో కొన్ని పెట్టుబడిగా కొని తాళం వేసినవి, కొన్ని వివాదాల్లో చిక్కుకున్నవి లేదా మరమ్మతుకు నోచుకోనివి, మరికొన్ని పని దొరికే చోటికి దూరంగా ఉన్నవి. అద్దెకు వెతుక్కునేవారికి ఇవేవీ అక్కరకు రావు.