నెత్తురు లెక్క

తమ్ముడూ,

నీ స్క్రిప్టు రాత్రి కూర్చుని పూర్తిగా చదివేశాను. 2090 హైదరాబాద్, ఊరంతా రక్తపిశాచులు, హీరో ఒక్కడే మనిషి అనుకుంటుంటే ఆఖరి సీన్లో అతనికీ కోరలు! ట్విస్టు బాగుంది. కానీ అక్కడిదాకా 110 పేజీలు నడిపించావు, అన్ని పేజీల్లోనూ వాళ్ళు తాగే నెత్తురు ఎక్కణ్ణుంచి వస్తుందో, ఎలా సరిపోతుందో ఎక్కడా లేదు.

'డేబ్రేకర్స్' సినిమా చూశావా? ఆస్ట్రేలియా కవలలు మైకేల్, పీటర్ స్పీరిగ్ తీశారు. 2009లో టొరంటో ఫెస్టివల్లో వేశారు, కథేమో 2019లో జరుగుతుంది. లోకం పిశాచుల చేతికి వెళ్ళిపోయిందన్న సంగతి వాళ్ళు చివరిదాకా దాచుకోలేదు, మొదట్లోనే చెప్పేశారు. మనుషులు అయిపోతున్నారు, మరి నెత్తురెలా? అక్కణ్ణుంచే కథ. అందులో నాకు బాగా గుర్తున్నది స్టేషన్లో కాఫీ కొట్టు. కాఫీలో నెత్తురు కలుపుతారు. కొరత వచ్చి అది తగ్గించేసరికి సూటూ బూటూ వేసుకున్న పిశాచులు, ఒకప్పుడు మనవాళ్ళు రేషన్ షాపు దగ్గర కిరసనాయిలు కోసం కొట్టుకున్నట్టు కొట్టుకుంటారు. హీరో కారుకి తూటాలు తగిలినప్పుడు కూడా మనకు తూటాల భయం ఉండదు. ఆ కన్నాల్లోంచి లోపలికి దూసుకొచ్చే ఎండ చూసి వణుకుతాం. (చివర్లో బకెట్లతో నెత్తురు పోశారు, అది నాకు నచ్చలేదనుకో.)

నేనూ మొదట్లో నీలాగే ఉండేవాణ్ణి. ఓ నిర్మాతకు దెయ్యం కథ చెప్పి, ఇంటర్వెల్ ట్విస్టు దగ్గర ఆపి ఆయన మొహం చూస్తూ కూర్చున్నా. ఆయన తీరిగ్గా బజ్జీ నమిలి, "బానే ఉంది గానీ, ఆ దెయ్యం పగలంతా ఏం చేస్తుందయ్యా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అడ్వాన్సూ రాలేదు.

నువ్వు కాగితం తీసి లెక్కెయ్యి. మన దగ్గర రక్తదానమంటే మామూలుగా 350 మిల్లీలీటర్లు. మగవాళ్ళు మూడు నెలలకోసారి ఇవ్వచ్చు. అంటే మనిషికి ఏడాదికి 1.4 లీటర్లు. నీ పిశాచి రోజుకి పావు లీటరే తాగినా ఏడాదికి 91 లీటర్లవుతుంది. ప్రాణం తియ్యకుండా తాగాలంటే ఒక్కో పిశాచికి 65 మంది కావాలి! నువ్వేమో ట్యాంకుల్లో ఏళ్ళ తరబడి నెత్తురు నిల్వ చేయించావు. బ్లడ్ బ్యాంకు ఫ్రిజ్‌లో పెట్టిన సంచే 35 రోజులు, మహా అయితే 42 రోజులు ఉంటుంది. మరి గడువు దాటిన సంచులు సందు చివర సగం ధరకి అమ్మేవాడు ఒకడు ఉండడూ? ఆ 65 మందిలో ఒకడు, "అమ్మాయి పెళ్ళుందండీ, ఈసారికి వదిలెయ్యండి, వచ్చే నెల ఇస్తా" అని తన పిశాచిని బతిమాలడూ? ఆ సీను చదవాలనుంది నాకు.

ఆ కోరల సీను ఎత్తి మొదటి పేజీలో పెట్టి, మిగతాది మళ్ళీ రాయి. సంక్రాంతికి వస్తావుగా, అప్పుడు పట్రా. ఈసారి ప్రింటు కాస్త పెద్దక్షరాల్లో తియ్యి బాబూ, రాత్రంతా కళ్ళు మంటలు.

మీ అన్నయ్య