విజిట్ నోట్స్ దగ్గర మొదలుపెట్టండి

ఇంగ్లండ్‌లో సోషల్ వర్క్ విద్యార్థులకు మొదటిసారి ప్రాక్టీస్ ఎడ్యుకేటర్‌గా, అంటే పనిచోట దగ్గరుండి నేర్పే మనిషిగా, చేరుతున్నానని, జాతి వివక్షను ఎదిరించే పని ఎక్కణ్ణుంచి నేర్పాలని మీరు అడిగారు. నేనైతే కుటుంబాల ఇళ్ళకు వెళ్ళొచ్చాక వాళ్ళు రాసిన విజిట్ నోట్స్ దగ్గర మొదలుపెడతాను. నేను నేర్చుకున్నదీ అక్కడే.

చదువుకునే రోజుల్లో ఒక సొమాలీ తల్లి ఇంటికి వెళ్ళాను. ఆమెకు ఇంగ్లిష్ రాదు. పదకొండేళ్ళ కొడుకు అటు మాట ఇటు చెప్పాడు. రెండు మూడుసార్లు ఆమె గొంతు పెంచింది. నేను "తల్లి సహకరించడం లేదు" అని రాసేశాను. మా ప్రాక్టీస్ ఎడ్యుకేటర్ ఆ వాక్యం కింద గీత గీసి, "ఇంతకీ ఆమె ఏమంది?" అని అడిగారు. నాకు తెలియదు. ఇంటర్‌ప్రెటర్‌ని తీసుకుని మళ్ళీ వెళ్ళాం. చెమ్మకి గోడలు బూజు పట్టాయి, చిన్న పిల్లాడికి ఆయాసం, ఇల్లు మార్పించమని ఆమె మొత్తుకుంటోంది. పెద్దపిల్లాడు సిగ్గుపడి అది మాకు చెప్పలేదు. నేను తెల్లదాన్ని కాదు కాబట్టి నాలో వివక్ష ఉండదని అప్పటిదాకా నమ్మాను.

విక్టోరియా క్లింబీ కేసు తప్పకుండా చదివించండి. ఐవరీ కోస్ట్ నుంచి వచ్చిన ఎనిమిదేళ్ళ పాప, 2000 ఫిబ్రవరిలో లండన్‌లో హింసకు బలైంది. తనను పెంచుతున్న బంధువు ముందు పాప బిగుసుకుపోయి నిలబడితే, అది వాళ్ళ సంస్కృతిలో పెద్దలకిచ్చే గౌరవమని సోషల్ వర్కర్ అనుకుంది. ఆమె కూడా నల్లజాతి మహిళే. ఆ మరణం మీద విచారణ జరిపిన లార్డ్ లామింగ్ 2003లో ఇచ్చిన నివేదికలో ఆ భాగాన్ని విద్యార్థితో కలిసి చదవండి, ఒక్కరినే చదువుకోమని వదలకండి.

మీరూ తెలుగువారే కాబట్టి ఇంకో మాట. మా ఊళ్ళో పొలం పనికి వచ్చేవాళ్ళకి మా అరుగు మీద వేరే గ్లాసు ఉండేది. ఇంగ్లండ్ వచ్చాక "నల్లోళ్ళ ఏరియా" అని మనవాళ్ళు ఎంత తేలిగ్గా అనేస్తారో మీరూ వినే ఉంటారు. విద్యార్థితో కూర్చుని పని గురించి మాట్లాడే మొదటి సూపర్‌విజన్‌లోనే ఇవి చెప్తాను. మొదటిసారి చాలా టెన్షన్ పడ్డాను, కానీ విద్యార్థి నోరు విప్పింది ఆ తర్వాతే.

విద్యార్థి పనిచోట నేర్చుకునే రెండు ప్లేస్‌మెంట్లూ కలిపి మామూలుగా 170 రోజులు. వివక్ష మీద ఒక క్లాసు పెట్టి ఊరుకుంటే చాలదు. వారానికో నోట్ తీసి, ఇందులో చూసిందేది, ఊహించిందేది అని అడగండి.

నల్లజాతి విద్యార్థి ఉంటే, అందరికీ పాఠం చెప్పే భారం ఆమె మీద పెట్టకండి. ఏదైనా కుటుంబం ఆమెను రంగు పేరుతో తిడితే ఆ ఇంటికి ఎవరు వెళ్ళాలి, వాళ్ళతో ఎవరు మాట్లాడాలి అన్నది ప్లేస్‌మెంట్ మొదలవకముందే మేనేజర్‌తో మాట్లాడి కాగితం మీద పెట్టించండి.