సంతకం పెట్టనన్నాను, కొడుకు మాట్లాడటం మానేశాడు

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. రెండెకరాల్లో పత్తి వేస్తాం. ఇంకో నాలుగు నెలలకు మా అబ్బాయికి పద్దెనిమిదేళ్లు నిండుతాయి. ఆర్మీలో అగ్నివీర్‌గా పోతానని తెల్లారకముందే లేచి పరుగులు తీస్తున్నాడు. దేశాన్ని కాపాడటం అందరి బాధ్యత అంటారు కదా, పెద్దోళ్ల పిల్లలు అమెరికా పోతే మా పిల్లలే సరిహద్దుకు పోవాలా అని వాడినే అడిగాను. చేరే కాగితాల మీద సంతకం పెట్టనన్నాను. అప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు. నాది తప్పా?

జవాబు: మీ ప్రశ్న న్యాయమైనదే. దేశాన్ని రక్షించడం, పిలుపు వస్తే సేవ చేయడం ప్రతి పౌరుడి విధి అని రాజ్యాంగంలోని 51ఏ అధికరణం చెబుతోంది. ఉన్నోళ్లు, లేనోళ్లు అన్న తేడా అందులో లేదు. అయితే మన దేశంలో నిర్బంధ సైనిక సేవ లేదు, ఇష్టపడినవాళ్లే చేరతారు. ఇంటికో జీతం కావాల్సినవాళ్లే ముందుకొస్తున్నారన్న మీ బాధను ఓట్లడగడానికి వచ్చే నాయకుల ముందు గట్టిగా చెప్పండి. మీ అబ్బాయిని మాత్రం దానికి జవాబు చెప్పమనకండి. ఆ తేడాను పెట్టింది వాడు కాదు.

మీరు రాయని సంగతి ఒకటుంది. మీకు భయంగా ఉంది. సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు 2020 జూన్‌లో గల్వాన్‌లో అమరుడైనప్పుడు ఉమ్మడి నల్లగొండలో ఎన్ని ఇళ్లల్లో తల్లిదండ్రులు తమ పిల్లల్ని తల్చుకుని ఏడ్చారో! ఆ భయానికి సిగ్గుపడాల్సిన పని లేదు. "నువ్వు పోతే నాకు నిద్ర పట్టదురా" అని వాడికి చెప్పండి. తన మీద నమ్మకం లేక మీరు అడ్డుపడటం లేదని అప్పుడు తెలుస్తుంది. చెప్పాక వదిలేయండి, రోజూ అదే మాటతో వాడిని కట్టేయొద్దు.

సంతకం సంగతి అంటారా, పద్దెనిమిది నిండనివాళ్లకే తల్లిదండ్రుల సంతకం కావాలి. నాలుగు నెలలాగితే వాడికి ఆ అవసరమే ఉండదు. అంత చిన్న గడువు కోసం కొడుకును దూరం చేసుకోకండి.

తండ్రిగా మీరు గట్టిగా పట్టుబట్టాల్సింది నాలుగేళ్ల తర్వాతి బతుకు గురించి. 2022లో వచ్చిన ఈ అగ్నివీర్ పద్ధతిలో సర్వీసు నాలుగేళ్లే. రెగ్యులర్‌గా కొనసాగించేది 25 శాతం లోపే. మొదటి ఏడాది జీతం నెలకు 30 వేలు, అందులో 9 వేలు సేవానిధి అనే పొదుపు నిధికి పోతాయి. బయటకొచ్చేటప్పుడు వడ్డీతో కలిపి సుమారు 11.71 లక్షలు చేతికొస్తాయి, పెన్షన్ ఉండదు. ఇరవై రెండేళ్లకు ఇంటికొస్తే ఏం చేస్తాడు? డిగ్రీ ఎట్లా పూర్తి చేస్తాడు? ఆ డబ్బు బోర్లకు, అప్పులకు పోకుండా ఎట్లా దాచాలి? మీ మండలంలో ఆర్మీలో చేసి వచ్చినవాళ్లుంటే ఇద్దరూ కలిసి వెళ్లి, అక్కడి రోజులు ఎట్లా గడుస్తాయో అడిగి తెలుసుకోండి.

మాటలు మళ్లీ ఎట్లా మొదలుపెట్టాలా అనుకుంటున్నారేమో. పరుగు పందెం కంటే ముందు ఆన్‌లైన్ రాత పరీక్ష గట్టెక్కాలి. దానికి చదువుతున్నాడా, పుస్తకాలేమైనా కావాలా అని ఈ రాత్రి అన్నం దగ్గర అడగండి.