జర్మనీకి వస్తున్న మేనల్లుడికి: అపార్థాలు ఎక్కడ పుడతాయి, ఎలా ఆపాలి

చిరంజీవి చిన్నోడికి అత్తయ్య ఆశీస్సులు.

నీకు వీసా వచ్చిందని మీ నాన్న ఫోన్ చేశాడు. కుక్కరు, పచ్చళ్లు, చలికోట్లు సర్దే సంగతి మీ అమ్మ చూసుకుంటుంది. నేను రాసేది మనుషులతో మెలగడం గురించి. ఇక్కడికి వచ్చే మన పిల్లలు చదువుకీ తట్టుకుంటారు, చలికీ తట్టుకుంటారు. మాటపట్టింపుల దగ్గరే కుంగిపోతారు. "ఇది వాడికి తెలిసే ఉంటుందిలే" అని చెప్పకుండా వదిలేసిన ప్రతిచోటా ఒక అపార్థం మొలుస్తుంది. అలాంటి చోట్లు ముందే తెలిస్తే సగం గొడవలు రావు.

మొదట ఒప్పుకోవడం, కాదనడం సంగతి. మన దగ్గర ఎవరైనా భోజనానికి పిలిస్తే, కుదరదని తెలిసినా "తప్పకుండా వస్తాను" అనేస్తాం. మొహం మీద లేదనడానికి మనసొప్పదు. పిలిచినవాళ్లకీ ఆ సంగతి తెలుసు. ఇక్కడ అలా కాదు. నువ్వు వస్తానంటే నీ పేరున కుర్చీ వేస్తారు, నీ వంతు కూడా లెక్కేసి వండుతారు. వెళ్లకపోతే మాట తప్పిన మనిషివి అవుతావు. అందుకని కుదరకపోతే అప్పుడే చెప్పు: "ఆ రోజు నాకు వీలుపడదు, పిలిచినందుకు చాలా సంతోషం." అంతే చాలు, కారణాలు అల్లనక్కర్లేదు, ఎవరూ నొచ్చుకోరు. మనం తలని ఇటూ అటూ వంచి "సరే" అంటామే, అది వీళ్ల కంటికి కాదన్నట్టో, ఎటూ తేల్చుకోలేనట్టో కనిపిస్తుంది. తల ఊపినా ఊపకపోయినా నోటితో "యా" (అవును) అను.

తిండి దగ్గర మొహమాటం పూర్తిగా మానెయ్యి. ఒకసారి వద్దంటే రెండోసారి అడగరు. నీ మాటకి విలువ ఇస్తున్నామనే వాళ్లు అనుకుంటారు. ఏదైనా ఇవ్వబోతే ఒట్టి "డాంకె" (థాంక్స్) అన్నావంటే వద్దన్నట్టు లెక్క. కావాలంటే "యా, బిట్టె" అనాలి. నువ్వు వాళ్లని పిలిచినప్పుడు కూడా ఇది గుర్తుంచుకో. వద్దన్నవాళ్ల కంచంలో కొసరి కొసరి వడ్డిస్తే ప్రేమ అనుకోరు, బలవంతం అనుకుంటారు.

సమయాన్నీ నంబర్లనీ నోటిమాటగా వదలకు. "హాల్ప్ ద్రై" అంటే రెండున్నర. అందులో మూడు అన్న మాట వినపడటంతో మూడున్నర అనుకుని గంట ఆలస్యంగా వెళ్లేవాళ్లు చాలామంది. 24ని వీళ్లు నాలుగు ముందు, ఇరవై తర్వాత పలుకుతారు, కాబట్టి ఫోన్ నంబరు వింటూ రాసుకుంటే అంకెలు తారుమారవుతాయి. "వచ్చే శుక్రవారం" అంటే ఏ శుక్రవారమో వీళ్లలో వీళ్లకే తేలదు. ఏదైనా మాట్లాడుకున్నాక వారం, తేదీ, 14:30 అన్నట్టు గంటలు, ఈ మూడూ ఒక మెసేజ్‌లో రాసి పంపు. యూనివర్సిటీ టైమ్‌టేబుల్‌లో 10 పక్కన సి.టి. అని ఉంటే క్లాసు 10:15కి మొదలు, ఎస్.టి. అని ఉంటే సరిగ్గా 10కి. ఇంటికి ఏడింటికి రమ్మంటే ఏడింటికే. పది నిమిషాలు ఆలస్యమయ్యేట్టుంటే దారిలోనే మెసేజ్ పెట్టు. మరీ ముందుగా కూడా వెళ్లకు, వాళ్లు ఇంకా సర్దుకుంటూ ఉంటారు. పుట్టినరోజు శుభాకాంక్షలు మాత్రం ఒక్కరోజు కూడా ముందు చెప్పకు, ఇక్కడ దాన్ని అశుభంగా భావిస్తారు. నీ పుట్టినరోజుకి కేక్ తీసుకెళ్లాల్సింది నువ్వే. ఎవరూ తేలేదని చిన్నబుచ్చుకోకు.

ఇక విమర్శ. ఇది మన పిల్లల్ని బాగా గాయపరుస్తుంది. ప్రాజెక్టులో తోటివాడు నలుగురి ముందూ "ఈ భాగం తప్పు, మళ్లీ రాయాలి" అంటాడు. ముందు ఒక మెచ్చుకోలు, వెనక ఒక మెచ్చుకోలు ఉండవు. పావుగంట తర్వాత అతనే నిన్ను కాఫీకి పిలుస్తాడు. అతను మాట్లాడింది పని గురించి, ఆ ముక్క అక్కడితో అయిపోయింది. నువ్వు ముడుచుకుని నాలుగు రోజులు మాట్లాడకపోతే అతనికి కారణం కూడా తోచదు. "చెడ్డగా లేదు" అన్నారంటే మంచి మెచ్చుకోలు కిందే లెక్క.

దీనికన్నా పెద్ద ప్రమాదం మన మౌనం. ప్రొఫెసర్ "అర్థమైందా?" అంటే అర్థం కాకపోయినా తల ఊపుతాం, తర్వాత స్నేహితుణ్ని అడుగుదాంలే అని. ఇక్కడ అర్థమైందంటే ఆ పని నీదైపోయినట్టే. మీటింగ్ ముగిసిన అరగంటలోపు మూడు వాక్యాల మెయిల్ రాసే అలవాటు చేసుకో: నేను చేయబోయేది ఇది, ఈ తేదీకి ఇస్తాను, నాకు తేలనిది ఇది. తప్పుగా అర్థం చేసుకుని ఉంటే ఆ రోజే సరిదిద్దుతారు, నెల వృథా కాదు. పని ఆలస్యమయ్యేలా ఉంటే గడువుకి నాలుగైదు రోజుల ముందే చెప్పు. ముందు చెప్పినవాణ్ని అర్థం చేసుకుంటారు, గడువు రోజున చెప్పినవాణ్ని నమ్మడం మానేస్తారు.

జర్మన్‌లో ప్రొఫెసర్లకీ ఆఫీసువాళ్లకీ "జీ" (మీరు) అని, ఇంటిపేరుతో రాయి. పెద్దవాళ్లు తామే "డు" (నువ్వు) అనుకుందాం అనేదాకా ఆగు. విద్యార్థులు మాత్రం మొదటిరోజు నుంచీ ఒకరినొకరు "డు" అనే అనుకుంటారు. మార్కుల సంగతి ఇంట్లో ఇప్పుడే చెప్పి రా: 1.0 అన్నిటికన్నా గొప్ప, 4.0 దాకా పాస్, 5.0 ఫెయిల్. చెప్పకుండా వచ్చి "1.7 వచ్చింది" అన్నావంటే మీ నాన్నకి ఆ రాత్రి నిద్ర ఉండదు.

ఇంటి విషయానికి వస్తాను. జర్మన్ పిల్లలతో కలిసి ఉండే ఇంట్లో, అంటే వీళ్లు "వేగే" అనే చోట, శుభ్రం చేసే వంతుల పట్టిక ఉంటుంది. నీ వంతు వచ్చిన మొదటివారం, శుభ్రం చేయడమంటే ఏమేం చేయాలో చూపించమని అడుగు. నీకు నేల తుడిస్తే అయిపోయినట్టు, వాళ్లకి అద్దం, స్నానాల గది జాలీలో జుట్టు, చెత్తబుట్ట కడగడం కూడా అందులోనే. ఈ తేడా తెలియకే బద్ధకస్తుడన్న పేరు వస్తుంది. వంటగదిలో ఖాళీ సీసాలు ఉంటే అడగకుండా తీసుకెళ్లి షాపులో ఇచ్చెయ్యకు. ఒక్కో ప్లాస్టిక్ సీసా మీద సాధారణంగా 25 సెంట్ల డిపాజిట్ ఉంటుంది, అది కొన్నవాళ్ల డబ్బు.

తాలింపు వాసన గురించి వాళ్లు అడిగేదాకా ఆగకు. మొదటివారమే "నేను సాయంత్రం ఏడింటికి వండుతాను, ఆ వేళ ఇబ్బందైతే చెప్పండి" అని నువ్వే ఎత్తుకో. వండాక వంటగది తలుపు మూసి, కిటికీ బార్లా తెరిచి ఐదు నుంచి పది నిమిషాలు ఉంచి మూసెయ్యి. చలికాలంలో కిటికీని గంటల తరబడి ఓరగా తెరిచి ఉంచితే పక్కగోడ చల్లబడి, ఆవిరి దానిమీద చేరి బూజు పడుతుంది. ఇంటివాళ్లతో చాలా తగాదాలు ఆ బూజు దగ్గరే మొదలవుతాయి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా నిశ్శబ్దం, ఆదివారం రోజంతా నిశ్శబ్దం. అంటే ఆదివారం పొద్దున మిక్సీలో చట్నీ కుదరదు, శనివారమే రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టుకో. మనకీ ఇక్కడికీ వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు తేడా. మీ నాయనమ్మ పొద్దున్నే ఆరింటికి వీడియో కాల్ చేస్తే ఇక్కడ అర్ధరాత్రి దాటి ఉంటుంది. ఇయర్‌ఫోన్లు వాడు, గొంతు తగ్గించు. తలుపుకి ఎవరైనా చీటీ అంటిస్తే అవమానం అనుకోకు, చీటీకి చీటీతో జవాబివ్వకు. అదే సాయంత్రం వెళ్లి "చూశాను, ఇకపై ఇలా చేస్తాను" అని చెప్పెయ్యి.

ఇంతవరకూ రాసింది సులువైన భాగం, చిన్నోడా. పరాయివాళ్లతో జాగ్రత్తగా ఉంటాం కాబట్టి అపార్థం వచ్చినా త్వరగా తేలిపోతుంది. మన తెలుగు పిల్లలు నలుగురు కలిసి ఇల్లు తీసుకున్నచోట మాత్రం "మనవాడే కదా" అని ఏదీ మాట్లాడుకోరు. చిన్ననాటి స్నేహాలు కూడా అద్దె డబ్బుల దగ్గర తెగిపోతాయి. ఇది శ్రద్ధగా చదువు.

నలుగురూ కలిసి ఒకే ఒప్పందం మీద సంతకం పెడితే, సాధారణంగా మొత్తం అద్దెకి ప్రతి ఒక్కరూ బాధ్యులే. ఒకడు కట్టకపోతే ఇంటి యజమాని నిన్నే పూర్తిగా అడగొచ్చు. ఒక్కడే ప్రధాన కిరాయిదారుగా ఉండి మిగతావాళ్లు అతని కింద ఉంటే బాధ్యతంతా ఆ ఒక్కడిది. ఏ పద్ధతో సంతకానికి ముందే తెలుసుకో. డిపాజిట్ మూడు నెలల చల్లని అద్దె దాకా, అంటే హీటింగు, నీళ్ల ఖర్చులు కలపని అద్దె దాకా అడగొచ్చు. ఎవరు ఎంత ఇచ్చారో ఒక కాగితం మీద రాసి నలుగురూ ఫోటో తీసి పెట్టుకోండి. ఒకడు ఖాళీ చేసి కొత్తవాడు వస్తే, ఆ రోజే గోడలూ నేలా ఫోటోలు తీయండి. లేకపోతే ఎప్పటి గీతకో కొత్తవాడు డబ్బు కట్టాల్సి వస్తుంది, మనసు విరుగుతుంది.

ఎవరూ ఊహించని గొడవ ఒకటుంది. హీటింగు, నీళ్ల ఖర్చుల వార్షిక లెక్కను యజమాని ఆ లెక్క కాలం ముగిశాక 12 నెలల్లోపు ఎప్పుడైనా పంపొచ్చు. 2025 సంవత్సరపు లెక్క 2026 డిసెంబరు ఆఖరుకి కూడా రావచ్చు. అప్పటికి ఇద్దరు వేరే ఊళ్లో ఉద్యోగాల్లో ఉంటారు. ఉన్నవాడు బిల్లు పంపితే "నేను ఇప్పుడు అక్కడ లేను కదా" అంటాడు వెళ్లినవాడు. కాబట్టి ఖాళీ చేసేవాడు 100 యూరోలో, మీరనుకున్నంతో ఇంట్లో ఉంచి వెళ్లాలి, లెక్క వచ్చాక మిగిలింది తిరిగి పంపాలి. ఇది చేరిన రోజే మాట్లాడుకోండి, వెళ్లే రోజున అడిగితే అనుమానించినట్టు ఉంటుంది. రేడియో, టీవీ రుసుము నెలకి 18.36 యూరోలు, ఇంటికి ఒక్కటే. ఒకరి పేరున కట్టి నలుగురూ పంచుకోవాలి. మిగతా ముగ్గురికీ ఉత్తరాలు వస్తాయి, కట్టేవాడి రుసుము ఖాతా నంబరు రాసి జవాబివ్వాలి. పక్కన పడేస్తే బాకీ పెరుగుతుంది, తర్వాత "నువ్వు కట్టలేదా" అని ఒకరినొకరు నిందించుకుంటారు.

బియ్యం, నూనె, పప్పు, ఉల్లిపాయలు ఉమ్మడి. మాంసం, గుడ్లు తినేవాళ్ల లెక్కలో. శాకాహారి ఉంటే అతనికి ఒక బాండీ, ఒక గరిటె విడిగా ఉంచండి, అతను నోరు తెరిచి అడిగేదాకా ఆగొద్దు. కొన్న రోజే యాప్‌లో రాయండి, ఒకటో తేదీన తేల్చేయండి. "రెండు యూరోలే కదా" అని ఎప్పుడూ రాయనివాడే ఏడాది తర్వాత ఎక్కువ బాధపడతాడు.

ఎవరైనా అప్పు అడిగితే, వీసా కోసం ముందే డబ్బు వేసి ఉంచిన బ్లాక్డ్ అకౌంట్ నుంచి నెలకి చేతికొచ్చేది 992 యూరోలు అని గుర్తుంచుకో. 300 ఇస్తే దాదాపు మూడోవంతు పోయినట్టే. ఇవ్వగలిగినంతే ఇవ్వు, తిరిగిచ్చే తేదీ మెసేజ్‌లో ఉండాలి. ఇచ్చింది తిరిగి అడిగేటప్పుడు నలుగురున్న గ్రూపులో అడగకు. నేరుగా ఇలా అను: "ఒరే, ఐదో తేదీన నా అద్దె కట్టాలి. ఆ 200 మూడో తేదీలోగా వేయగలవా? కుదరకపోతే ఎప్పటికో చెప్పు." ఇందులో నింద లేదు, దాచడమూ లేదు.

మాట దగ్గర మూడు జాగ్రత్తలు. తెలంగాణ పల్లెల్లో చాలాచోట్ల పెద్దవాళ్లని కూడా ఆప్యాయంగా "నువ్వు" అంటారు. కరీంనగర్ కుర్రాడు నీ స్నేహితుడి అన్నయ్యని అలా పిలిస్తే మర్యాద లేదనుకోకు. ఎవరి యాసనీ అనుకరించి నవ్వించకు, వాడు నవ్వినా లోపల గుచ్చుకుంటుంది. కొత్తగా కలిసినవాణ్ని ఇంటిపేరు అడగకు. కులం ఆరా తీస్తున్నావని అతను అనుకుంటాడు, చాలాసార్లు అది నిజం కూడా కాబట్టే అనుకుంటాడు.

ఇంత జాగ్రత్తపడ్డా చెడుతుంది ఒక్కోసారి. అప్పుడు వాట్సాప్‌లో వాదించకు, రాసిన మాటకి గొంతు ఉండదు. ఒక రాత్రి ఆగి మర్నాడే ఎదురుగా కూర్చో. "నువ్వు ఇలా చేశావు" అని మొదలుపెట్టకు. జరిగింది ఒక్క వాక్యంలో చెప్పి, "నాకు ఇలా అనిపించింది, నీ ఉద్దేశం అదేనా?" అని అడిగి, అతను ముగించేదాకా ఆగు. ఒక్క విషయమే, పాతవి తవ్వకు. మనవాళ్ల మధ్య అయితే ఇద్దరికీ కావలసిన మూడోమనిషి సాయపడొచ్చు. జర్మన్‌తో అయితే మూడోమనిషిని పంపకు, వెనకాల మాట్లాడావనుకుంటాడు. క్షమాపణ కూడా అంతే. జర్మన్‌కి నువ్వు చేసిందేమిటో, ఇకపై ఏం చేస్తావో చెప్పాలి. మనవాణ్ని భోజనానికి పిలిస్తే చల్లబడతాడు, కానీ ఆ రెండు ముక్కలూ నోటితో అనకుండా వడ్డించి ఊరుకోకు.

ఇంట్లో దిగిన వారంలోపు పైవాళ్ల, కిందివాళ్ల, పక్కవాళ్ల తలుపు కొట్టి పేరు చెప్పి పరిచయం చేసుకో. దసరాకో ఉగాదికో పదిమందిని పిలిస్తే మూడు రోజుల ముందే మెట్ల దగ్గర చీటీ పెట్టు: ఏ రోజు, ఎన్నింటిదాకా, శబ్దం ఎక్కువైతే ఏ నంబరుకి ఫోన్ చేయాలి. పెట్టినా పది తర్వాత పాటలు తగ్గించాల్సిందే.

రైలు టికెట్టు తీసుకోగానే చేరే స్టేషన్, తేదీ, గంటలు మెసేజ్‌లో రాసి పంపు.

మీ అత్తయ్య