కర్నూలులో యువతకు ఉచితంగా కౌన్సెలింగ్ ఎక్కడ దొరుకుతుంది?

డిగ్రీ చదివే తమ్ముడు సరిగా నిద్రపోవడం లేదు, ఎవరితోనూ మాట్లాడటం లేదు, నలుగురికీ తెలుస్తుందేమోనని అమ్మకు టెన్షన్ అని రాశారు.

ముందు 14416కి ఫోన్ చేయండి. మానసిక సమస్యలకు ఫోన్‌లో సాయం చేయడానికి 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ ఇది. ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడతారు. తమ్ముడు ఒప్పుకోకపోతే మీరే చేసి, తనని ఎలా కదిలించాలో అడగండి. చాలా ఇళ్లలో "వాడు రానంటున్నాడు" దగ్గరే ఆగిపోతారు, అలా ఆగకండి.

తర్వాత పెద్దాసుపత్రి, అంటే కర్నూలు ప్రభుత్వ ఆసుపత్రి. అక్కడ మానసిక వైద్య విభాగం ఉంది, ఓపీ చీటీ రాయించుకుని వెళ్లండి. వెళ్లగానే మాత్రలు మింగిస్తారని భయపడొద్దు. నిద్ర, ఆకలి, చదువు, స్నేహితులు, మందు అలవాటు, అన్నీ అడిగి తెలుసుకున్నాకే మందులు కావాలా, కౌన్సెలింగ్ చాలా అన్నది తేలుస్తారు. కౌన్సెలింగ్ ఒక్కసారితో అయ్యేది కాదు, నాలుగైదుసార్లు తిరగాల్సి రావచ్చు.

అమ్మకు ఒక మాట చెప్పండి: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాల్లో తప్ప, చికిత్స చేసేవాళ్లు తమ్ముడి వివరాలు బయటపెట్టకూడదు.

చచ్చిపోతానని ఎప్పుడైనా అంటే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు. ఒంటరిగా వదలకండి, ఇంట్లో పురుగుల మందు ఉంటే తీసేయండి, నేరుగా అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.