నేల తడిగా ఉన్నా మిరప వాడిపోతోంది, ఎండు తెగులేనా?

ప్రశ్న: మిరప వేసి 40 రోజులైంది. వారం కింద ఎకరాకు బస్తా యూరియా, బస్తా పొటాష్ మొదళ్ల దగ్గర వేసి బోరు నీళ్లు పెట్టాం. నాలుగో రోజు నుంచి మధ్యాహ్నానికి చెట్లు వేలాడిపోతున్నాయి, ఆకుల అంచులు మాడుతున్నాయి. నేల తడిగానే ఉంది. షాపులో ఎండు తెగులని మందిచ్చారు, పోయమంటారా? – రైతు, ప్రకాశం జిల్లా

జవాబు: పోయకండి. ముందు వాడిన మొక్క ఒకటి పీకి, కాండం మొదలును కత్తితో నిలువుగా చీల్చండి. లోపల గోధుమ రంగు చారలుంటే ఎండు తెగులే, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడిసేలా పోయాలి. తెల్లగా ఉంటే మాత్రం అది ఎండు తెగులు కాదు, ఉప్పు దెబ్బ కావచ్చు. నా అనుమానం అదే. బోదెల మీద తెల్లటి పొర కట్టిందేమో కూడా చూడండి.

మాగాయకు మామిడి ముక్కల్ని ఉప్పులో వేస్తే తెల్లారేసరికి ఊట దిగి ముక్క మెత్తబడుతుంది కదా, మీ వేళ్లకు జరుగుతున్నదీ అదే. వేరు కణంలోని రసం మట్టిలోని నీటికంటే చిక్కగా ఉన్నంతసేపే నీళ్లు లోపలికి పోతాయి, అంత ఎరువు మొదలు దగ్గర ఒక్కసారిగా ఉప్పులా కరిగితే బయటి నీరే చిక్కబడి వేరులోని నీటిని లాగేస్తుంది. అందుకే తడి ఉన్నా మొక్క వాడుతోంది. బోరు నీళ్లు కూడా ఉప్పువైతే పెట్టినకొద్దీ ముదురుతుంది.

ఎరువులన్నీ ఆపండి. కాలువ నీరో చెరువు నీరో దొరికితే రెండు తడులు బాగా ఇచ్చి, నీరు నిలవకుండా మురుగు కాలువల్లోకి తీసేయండి. కొత్త చిగురు వచ్చాక సాయంత్రం పూట లీటరుకు 5 గ్రాముల 19-19-19 (నీటిలో కరిగే ఎరువు) పిచికారీ చేయండి. ఇకపై యూరియా ఒక దఫాకు ఎకరాకు 25 కిలోలు దాటకుండా, మొదలుకు నాలుగు వేళ్ల ఎడంగా వేసి మట్టి కప్పండి.

మొక్క పీకి చూడకుండా, బోరు నీరు ఎలాంటిదో అడగకుండా షాపులో తెగులు పేరు ఎలా చెప్పారండీ? మందు మీద పెట్టే డబ్బులో కొంచెం పరీక్షకు పెట్టండి. మోటారు అరగంట నడిచాక సీసాను అదే నీటితో కడిగి అర లీటరు పట్టండి, పొలంలో 8–10 చోట్ల 15 సెంటీమీటర్ల లోతున మట్టి తీసి కలిపి అర కిలో ఉంచండి. రెండూ దగ్గర్లోని భూసార పరీక్షా కేంద్రానికి ఇవ్వండి. నీటి ఇ.సి. (నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) మీటరుకు 2.25 డెసీసీమెన్స్ దాటితే ఆ బోరు కింద మళ్లీ మిరప పెట్టొద్దు.