అడగండి చెప్తాం: టమాటా బోర్డర్ దాటాలంటే

ప్రశ్న: టమాటా పంటలో ప్రపంచంలోనే మనం రెండో స్థానం అంటారు కదండీ, మరి రేటు పడినప్పుడల్లా రోడ్డు మీద పారబోసుకోవడం ఏంటి? దుబాయికో అమెరికాకో పంపొచ్చుగా?
– మదనపల్లె దగ్గర ఒక రైతు

జవాబు: రెండో స్థానం మాట నిజమే అన్నా, చైనా తర్వాత మనమే, ఏడాదికి 2 కోట్ల టన్నులకి అటూ ఇటూ. కానీ అందులో పచ్చి కాయగా దేశం దాటేది నూటికి ఒక వంతు కూడా లేదు. ఎందుకంటే టమాటా అంటే నూటికి 94 పాళ్ళు నీళ్ళే, విమానం ఎక్కిస్తే ఛార్జీకే కాయ రేటు సరిపోతుంది, ఓడ ఎక్కిస్తే దూరానికి కాయ ఆగదు. అందుకే ఈ వ్యాపారం ఎక్కడ చూసినా పక్క దేశంతోనే ఎక్కువ. మెక్సికో కాయ అమెరికాకి, మొరాకో కాయ ఫ్రాన్స్‌కి, బ్రిటన్‌కి, టర్కీ కాయ రష్యాకి. అంటే పంట ఎంత తీశామన్నది కాదు, పక్కోడితో మన సంబంధం ఎలా ఉందన్నదే లెక్క.

టర్కీ వాళ్ళనే చూడండి, 2015 నవంబర్‌లో రష్యా యుద్ధ విమానాన్ని కూల్చారు, 2016 జనవరి నుంచి టర్కీ టమాటాని రష్యా ఆపేసింది, మళ్ళీ కొంచెం కొంచెం రానివ్వడానికి 2017 చివరి దాకా పట్టింది. విమానం కూల్చిందెవరు, కాయలు కుళ్ళిందెవరివి! మనకీ అంతే. నాసిక్ కాయ అటారీ–వాఘా బోర్డర్ మీదుగా లాహోర్ వెళ్ళేది, 2019లో పుల్వామా దాడి తర్వాత సంబంధాలు చెడి, ఆ ఏడాది ఆగస్టులో పాకిస్తాన్ మనతో వ్యాపారం ఆపేయడంతో ఆ దారి మూసుకుపోయింది. మొన్న 2025 అక్టోబర్‌లో అఫ్ఘానిస్తాన్ బోర్డర్ కూడా మూతపడేసరికి పాకిస్తాన్‌లో కిలో వాళ్ళ రూపాయల్లో 600 దాకా పోయింది. ఇక మనకి మిగిలింది బంగ్లాదేశ్, నేపాల్, మాల్దీవులు, కొంచెం గల్ఫ్. అదీ ఎప్పుడూ మన వైపు నుంచే కాదు, 2023 ఆగస్టులో మన దగ్గర కిలో 200 దాటి మండుతుంటే నేపాల్ నుంచి మనమే తెప్పించుకున్నాం.

గల్ఫ్ సంగతి విడిగా చెప్పాలి, అక్కడ డబ్బుంది, కొనేవాళ్ళూ ఉన్నారు. కానీ వాళ్ళకి కాయ దోరగా ఉన్నప్పుడే కోసి, సైజు ఒకేలా ఏరి, తోట దగ్గర్నుంచి షాపు దాకా 12–13 డిగ్రీల చల్లదనం తెగకుండా పోవాలి (మరీ 10 కంటే తగ్గిందా కాయ పాడవుతుంది, ఐస్ పెట్టి పంపేస్తాం అంటే కుదరదు). మన దగ్గరేమో పండిన కాయని క్రేటు నిండా కుక్కి ఎండలో మండీకి తెస్తాం, కింది వరస అక్కడే నలిగిపోతుంది. మందు అవశేషాల టెస్టు ఇంకో తలనొప్పి. రేటు పడ్డ వారంలో ఎక్స్‌పోర్ట్ గుర్తొస్తే లాభం లేదన్నా, అది నారు పోసేనాడే, ఏ రకం, ఎవరు కొంటారు అని తేల్చుకోవాల్సిన పని.

ప్రశ్న: ఇక్కడ స్టోర్లో టమాటా చూడ్డానికి బొమ్మలా ఉంటుంది, పచ్చడి చేస్తే పులుపూ లేదు వాసనా లేదు. పైగా మెక్సికో టారిఫ్ అంటున్నారు, రేటు పెరుగుతుందా?
– డాలస్ నుంచి ఒక సోదరి

జవాబు: టారిఫ్ కథ పాతదే అక్కా. మెక్సికో వాళ్ళు చవగ్గా దింపుతున్నారని ఫ్లోరిడా రైతుల గొడవ, 1996లో ఒక ఒప్పందం రాసుకున్నారు, ఫలానా రేటు కంటే తక్కువకి అమ్మకూడదని. దాన్ని మార్చుకుంటూ మార్చుకుంటూ నెట్టుకొచ్చి చివరికి 2025 జులై 14న అమెరికా బయటికొచ్చేసింది, చాలా వాటి మీద 17.09 శాతం సుంకం వేసింది. మీరు తినే ప్రతి 10 కాయల్లో దాదాపు 7 మెక్సికోవే కాబట్టి ఆ భారం ఎంతో కొంత మీ బిల్లులోకీ వస్తుంది. ఫ్లోరిడా ఒక్కటే ఆ లోటంతా పూడ్చలేదు, నా మటుకు నాకు ఇది రైతుని కాపాడ్డం కంటే కొనేవాడి మీద వేయడంలాగే కనిపిస్తుంది.

రుచికొస్తే, ఫ్లోరిడా కాయ చాలావరకు పచ్చిగానే కోసి, గదిలో ఇథిలీన్ గ్యాస్ పెట్టి ఎర్రగా చేస్తారు. రంగొస్తుంది, రుచి రాదు. దూరం తట్టుకోవడానికి గట్టి తోలు రకాలు పెంచడం ఇంకోటి. పచ్చడికైతే తీగతో పాటు అమ్మేవి కానీ చిన్న చెర్రీ టమాటాలు కానీ తీసుకోండి, ఫ్రిజ్‌లో పెట్టకండి, ఉన్న కాస్త వాసనా అందులోనే పోతుంది. చింతపండు ఎలాగూ ఉంది.

ప్రశ్న: పాలీహౌస్ వేద్దామనుకుంటున్నా. యూరప్‌లో ఏదో టమాటా వైరస్ అంటున్నారు, భయపడాలా?
– చేవెళ్ళ నుంచి ఒక తమ్ముడు

జవాబు: దాన్ని రుగోస్ వైరస్ అంటారు తమ్ముడూ, 2014లో ఇజ్రాయెల్‌లో మొదట కనపడింది, 2019కల్లా హాలండ్ గ్లాస్‌హౌసుల్లోకి చేరింది. కాయ మీద మచ్చలు, ముడతలు, అమ్మకానికి పనికిరాదు. దోమో పేనో మోసుకొచ్చేది కాదు, చెయ్యి తగిలితే చాలు, కత్తెర, బట్టలు, క్రేటు, విత్తనం అన్నిటితో పాకుతుంది, మందు లేదు. పైగా అంతకుముందు ఇలాంటి వైరస్‌లకి తట్టుకున్న రకాలనే ఇది పడగొట్టింది. అందుకని టెస్టు చేసిన విత్తనం బిల్లుతో సహా కొను, వేరే తోటలో పనిచేసి వచ్చినవాళ్ళని చెయ్యి కడగకుండా లోపలికి రానీకు, మండీ నుంచి తిరిగొచ్చిన క్రేట్లు కడిగి ఆరబెట్టాకే లోపల పెట్టు.